ఎండలో పరుగెత్తే ఆడపిల్లలకు నేను నేర్పింది

నేను రిటైరైన రోజున శాలువా కప్పి మాట్లాడిన వాళ్లంతా ఒకే మాట చెప్పారు. మేడం గారు విజిల్ ఊదితే కాలేజీకి కాలేజీ గడగడలాడేదట. పొగుడుతున్నామనే అనుకున్నారు పాపం. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ నేను చేసింది విజిల్ ఊదడమేనా?

విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ మహిళా కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేశాను. పిల్లల నోట్లో పీడీ మేడం. ఇప్పుడు ఈ ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న అమ్మాయిలు కొందరు ఫోన్ చేసి, మాకేమైనా చెప్పండి మేడం అంటున్నారు. ఆటల నియమాలు పుస్తకాల్లో ఉంటాయి. గెలిచిన కప్పులు కాలేజీ బీరువాలో ఉన్నాయి, దుమ్ము దులిపితే కనిపిస్తాయి. నేను ఎండ గురించి చెబుతాను. ఈ ఊళ్లో పీడీగా బతికినవాళ్లు చెప్పాల్సింది అదే.

మన ఊరి ఎండ

విజయవాడ నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లు మొదటి వేసవిలో మన ఊరిని చూసి నవ్వుతారు. ఇదీ ఒక ఎండేనా, మా ఊరు రండి చూపిస్తాం అంటారు. రెండో వేసవికి ఆ నవ్వు ఉండదు. థర్మామీటరులో అంకె వాళ్ల ఊరికంటే తక్కువే, కాదనను. కానీ చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరాలి. సముద్రం పక్కన గాలి అప్పటికే తడిగా ఉంటుంది. ఇంక చెమట ఎక్కడికి పోతుంది? ఒంటి మీదే కారుతుంది. బీచిరోడ్డులో పరుగెత్తే పిల్ల తడిసి ముద్దయిపోయి, సముద్రపు గాలి తగులుతోంది కదా అని ధీమాగా ఉంటుంది. లోపల మాత్రం ఒళ్లు ఉడికిపోతూ ఉంటుంది.

అందుకని అంకె ఒక్కటే చూసి పిల్లల్ని గ్రౌండులోకి దింపకండి. ఉక్కపోత ఎంతుందో మీ రవికెను అడగండి, అది చెబుతుంది.

ఇంకో సంగతి. ఎండకి పిల్ల ముఖం ఎర్రబడటం, పిక్కలు పట్టెయ్యడం, వాంతి రావడం, తలనొప్పి, ఇవన్నీ మీకు కనిపిస్తాయి. కనిపించగానే నీడకి తెచ్చి కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఆ రోజుకి ఆట మానిపిస్తారు. అసలు భయపడాల్సింది మాట తేడా వచ్చినప్పుడు. అనుమానం వస్తే పిల్లని ఏదో ఒకటి అడగండి. ఈ రోజు ఏ వారం, పొద్దున్న ఏం తిన్నావు, ఏదైనా సరే. పొంతన లేని జవాబు వచ్చిందంటే మెదడుకి వేడి తగిలిందన్నమాట. ఇంక అక్కడ విశ్రాంతి సరిపోదు. ఉన్నచోటే ఒళ్లు చల్లబరచాలి, అంబులెన్సు పిలవాలి. స్పృహ సరిగా లేని పిల్ల నోట్లో నీళ్లు పొయ్యకూడదు.

నా ఉద్యోగం మొదట్లో ఒక శిక్షణ శిబిరంలో నేవీ నుంచి రిటైరైన మాస్టారు ఒకాయన ఈ సంగతులన్నీ మాకు నేర్పారు. ముందు చల్లబరచండి, తర్వాతే తరలించండి అని మా చేత పదేపదే అనిపించేవారు. అప్పట్లో విసుగ్గా ఉండేది. ఇప్పుడు ఆయన్ని తలుచుకోకుండా వేసవి గడవదు.

ముఖ్య అతిథి రాలేదు

నా సర్వీసులో ప్రిన్సిపాళ్లు చాలామంది మారారు. మంచివాళ్లే. ఒకాయనకి మాత్రం మార్చిపాస్టు అంటే ప్రాణం. స్పోర్ట్స్ డే నాడు ముఖ్య అతిథి కారు దిగేసరికి పిల్లలంతా తెల్ల డ్రెస్సుల్లో వరుసగా నిలబడి కనిపించాలి. అతిథులేమో పొద్దున్నే అని చెప్పి, సూర్యుడు నడినెత్తికి చేరాక వస్తారు. ఒక ఏడాది అలాగే జరిగింది. పిల్లలు నిలబడి నిలబడి వాడిపోయారు. వెనక వరసలో ఒక పిల్ల తూలడం చూశాను. మరి ఆలోచించలేదు, విజిల్ ఊది అందరినీ వరండాలోకి పంపేశాను.

ప్రిన్సిపాల్ గారు స్టాఫందరి ముందూ అరిచారు. "ఎవర్నడిగి పంపించారు?"

"ఎండనడిగి పంపించాను సార్," అన్నాను.

మెమో వచ్చింది. దాని సంగతి వదిలెయ్యండి. కాసేపటికి ముఖ్య అతిథి వచ్చి, ఖాళీ గ్రౌండు చూసి, హమ్మయ్య వరండాలోనే కానిచ్చేద్దాం అన్నాడు. లావుపాటి మనిషి, ఆయనకి మాత్రం చెమట పట్టదా? మార్చిపాస్టు వరండాలోనే జరిగింది. స్తంభాలకి తగులుకుంటూ నడిచారు, పిల్లలు పడీపడీ నవ్వారు. నా కళ్లకి అంత అందమైన మార్చిపాస్టు ఇంకోటి లేదు.

నీళ్ల సీసాలు నిండుగా ఉండేవి

కానిస్టేబుల్ ఉద్యోగాలకి ఆడపిల్లలు కూడా పెద్ద సంఖ్యలో తయారవుతున్న రోజులు. పదహారు వందల మీటర్ల పరుగు, పెట్టిన టైములోగా గట్టెక్కాలి. మా కాలేజీ పిల్లలకీ, చదువైపోయి బయట ఉన్న పాత విద్యార్థినులకీ పొద్దున్నే గ్రౌండులో నేర్పేదాన్ని. అందరూ నీళ్లు తెచ్చుకోవాలని గట్టిగా చెప్పాను. తెచ్చుకునేవారు. కానీ ప్రాక్టీసు అయ్యాక చూస్తే ఆ సీసాలు నింపినవి నింపినట్టే ఉండేవి.

తిట్టాను. తాగుతామన్నారు. మర్నాడూ అదే తంతు. చివరికి ఒక పిల్లని పక్కకి పిలిచి అడిగితే తల దించుకుని చెప్పింది.

"తాగితే బాత్రూముకొస్తాది మేడం. ఎక్కడికెల్తాం? కాలేజీ తలుపులు తియ్యరు. గోడవతల మొగోళ్లుంటారు."

అదండీ సంగతి. మగ కోచ్‌లు నీళ్లు తాగండి తాగండి అని చెప్పి ఊరుకుంటారు, వాళ్లకి ఈ ఆలోచనే రాదు. ఆడదాన్నై ఉండి నాకు మాత్రం ముందే రావద్దూ! పైగా ఆ పిల్లలు టీషర్టు మీద నల్ల జెర్కిన్ వేసుకుని, మెడదాకా జిప్ లాక్కుని పరుగెత్తేవారు. నల్లబడిపోతామని కొంత, ఎవరైనా చూస్తారని కొంత. నీళ్లు లేవు, గాలి తగలదు. ఎండ చెయ్యాల్సిన పని సగం వాళ్లే చేసి పెడుతున్నారు.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి పొద్దున పూట బాత్రూములు తీయించమన్నాను. "పరుగెత్తడానికి బాత్రూమెందుకమ్మా?" అన్నారు. చెప్పాను. ఆడవాళ్ల విషయాలు ఎలా చెప్పకూడదని మనకి నేర్పుతారో అలాగే చెప్పాను, ఒక్క ముక్కా దాచకుండా. ఆయన ముఖం ఎర్రబడింది. తాళంచెవి నా చేతికొచ్చింది. రిటైరయ్యేదాకా అది నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు. కొత్త పీడీ అమ్మాయిలూ, ఉద్యోగంలో చేరగానే బంతులు ఎన్నున్నాయని అడక్కండి. ముందు ఆ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి.

నూకరత్నం

ఇంత చేసినా ఒక పిల్ల నా లెక్కలోకి రాకుండా పోయింది. పేరు నూకరత్నం, మా పాత విద్యార్థిని, పెదజాలారిపేట పిల్ల. తండ్రి అప్పన్న బోటు మీద వేటకెళతాడు. తల్లి ఫిషింగ్ హార్బర్లో వేలంపాటలో చేపలు కొని ఊళ్లో అమ్ముతుంది. తెల్లవారకముందే తల్లితో పాటు హార్బరుకి వెళ్లి గంపలు మొయ్యాలి కాబట్టి నూకరత్నం నా ప్రాక్టీసుకి రాలేకపోయేది. ఏ ఆదివారమో వస్తే అందరికన్నా ముందుండేది. అంత పరుగు నేను మరే పిల్లలోనూ చూడలేదు. కానిస్టేబుల్ కావాలని ఆ పిల్లకి ఉన్న పట్టుదల చూస్తే నాకే ముచ్చటేసేది.

మిగతా రోజుల్లో ఎప్పుడు పరుగెత్తుతున్నావే అంటే, నవ్వేసి ఏదో ఒక టైములో అనేది. అదెప్పుడో ఒక మే నెల మధ్యాహ్నం తెలిసింది.

పరీక్షల డ్యూటీ అయిపోయి స్కూటీ మీద బీచిరోడ్డున వస్తున్నాను. ఎండకి రోడ్డు మీద కుక్క కూడా లేదు. ముందు నల్ల జెర్కిన్ వేసుకుని ఒక పిల్ల పరుగెడుతోంది. తిన్నగా కాదు, రోడ్డుకి ఆ పక్కకీ ఈ పక్కకీ. దగ్గరికెళ్లి చూస్తే నూకరత్నం.

"ఆగవే! ఏ టైములో పరుగెడుతున్నావు?"

నన్ను చూసింది కానీ గుర్తుపట్టలేదు. "గంప దించండి, మా అమ్మ వస్తంది," అంది. తల మీద గంపా లేదు, ఏమీ లేదు. మరో నాలుగడుగులు వేసి పడిపోయింది.

పట్టుకుంటే ఒళ్లు పెనంలా ఉంది. జెర్కిన్ విప్పేసి, చంకల కింద చేతులేసి గోడ నీడకి లాగాను. ఎక్కణ్నుంచి వచ్చారో జనం పోగయ్యారు. ఒకడు ఉల్లిపాయ వాసన చూపించమన్నాడు. ఒకావిడ చేతిలో ఇనుప ముక్క పెట్టమంది. ఇంకొకడు కూల్‌డ్రింకు మూత తీసి నోట్లో పొయ్యబోతే చెయ్యి లాగి కొట్టాను. అంబులెన్సుకి ఫోన్ చెయ్యమని కేకేశాను. నా దగ్గరున్న నీళ్లన్నీ పోసేశాను, అవి ఏ మూలకి?

అప్పుడు హార్బరు వైపు నుంచి మధురవాడ పోతున్న చేపల ఆటో ఒకటి వచ్చింది. వెనక థర్మోకోల్ పెట్టెలు, వాటి నిండా ఐసు. రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాను. ఆటోలోంచి ఒక నడివయసు ఆవిడ తల బయట పెట్టి ఇంతెత్తున లేచింది.

"ఏటమ్మా, సావాలనుందేటి?"

"ఐసు కావాలి. పెట్టెలన్నీ దించు."

"ఐసిచ్చేస్తే నా సేపలేటైపోవాల?"

"నీ చేపలు పోతే రేపొస్తాయి. ఈ పిల్ల పోతే వస్తుందా?"

ఆవిడ దిగి వచ్చి చూసింది. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఓలమ్మో! మన అప్పన్న కూతురు కాదేటిది! ఒరే, దించండ్రా బేగి!"

ఆవిడ పేరు గౌరమ్మ, వాళ్లది కూడా జాలారిపేటేనని తర్వాత తెలిసింది. వంజరాలూ పీతలూ రోడ్డు మీద పోసేశారు. ఆటో మీద కట్టిన నీలం టార్పాలిన్ విప్పి పరిచి, పిల్లని అందులో పడుకోబెట్టి ఐసంతా కుమ్మరించాం. గోడవతల ఉన్న కుళాయి నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి పోశారు. చుట్టూ ఉన్నవాళ్ల చేత టార్పాలిన్ అంచులు పట్టించి తొట్టెలా చేశాను. తల పైకి ఎత్తి నేను పట్టుకున్నాను. గౌరమ్మ తన పైట తడిపి పిల్ల నెత్తి మీద వేసింది.

కళ్లజోడు పెద్దమనిషి ఒకాయన మీదమీదకొచ్చాడు. ఐసులో పెడితే నిమోనియా వస్తుంది, ముందు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లండి అని. దారిలో ఉడికిపోతుందండీ, మీరు ఆ అంచు పట్టుకోండి అన్నాను. పట్టుకున్నాడు పాపం. చివరిదాకా వదల్లేదు.

అంబులెన్సు వచ్చేసరికి నూకరత్నం కళ్లు తెరిచి, "వాసనొస్తంది," అంది. గౌరమ్మ ఏడుస్తూనే నవ్వింది. "ఓసి నా తల్లే, సేపలమ్మినోల్ల పిల్లకి సేపల కంపేటే!"

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు బయటికొచ్చి, ఐసులో పెట్టిందెవరని గట్టిగా అడిగాడు. తిడతాడనుకున్నాను. నేనేనన్నాను. మీరు ఆ పని చెయ్యకపోతే నేను చెయ్యడానికి ఏమీ మిగిలేది కాదమ్మా అన్నాడు. గర్వంగా అనిపించిందా అంటే, అవును, అనిపించింది. ఎందుకు దాచుకోవాలి?

ఎండలో పుట్టినోళ్లు

నూకరత్నం కోలుకుంది. కిడ్నీలు, లివరు దెబ్బతినకుండా బయటపడింది. కానీ ఒకసారి వడదెబ్బ తిన్న ఒళ్లు కొన్నాళ్లదాకా వేడికి తట్టుకోలేదు. తను చెప్పేదాకా పరుగు మాట ఎత్తొద్దని డాక్టరు అన్నాడు. సెలక్షన్లేమో ఆ నెలలోనే.

వెళ్లనివ్వొద్దని చెప్పడానికి జాలారిపేట వెళ్లాను. అప్పన్న ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. నూకరత్నం, వాళ్లమ్మ గుమ్మంలో కూర్చున్నారు. నేను చెప్పింది విని అప్పన్న నవ్వాడు.

"మేం ఎండలో పుట్టినోల్లం మేడం. మాకు ఎండేటి సేస్తాది? ఆ రోజు ఏదో దిష్టి తగిలింది. అలవాటవాలనే మిట్టమజ్జానం పరిగెట్టమని నానే సెప్పినాను."

ఇంత మంచి పిల్లని ఆ మాట చంపబోయింది. కోపం వచ్చింది కానీ మింగాను.

"నువ్వు బోటు మీద ఎండలో ఉంటావు అప్పన్నా, నిజమే. బోటు మీద పరుగెడతావా? నీడకి గుడ్డ కట్టుకోవా? డ్రమ్ముతో నీళ్లు పెట్టుకోకుండా ఏ రోజైనా వేటకెళ్లావా?"

అప్పన్న వల పక్కన పెట్టాడు.

"ఎండ అలవాటవుతుంది. కాదనను. రోజుకి కొంచెం కొంచెం ఇస్తే అలవాటవుతుంది. నీళ్లు తాగకుండా, జెర్కిన్ వేసుకుని, నడినెత్తి ఎండలో పరుగెడితే అలవాటు కాదు, ప్రాణం పోతుంది. ఇంటి నుంచి బయల్దేరాక మళ్లీ ఇంటికొచ్చేదాకా నీ కూతురు నీళ్లు ముట్టదు, తెలుసా నీకు? మీ ఆవిణ్ని అడుగు, ఆవిడా ముట్టదు."

అప్పన్న భార్య వైపు చూశాడు. ఆవిడ తల తిప్పుకుంది. అతను వల మళ్లీ ఒళ్లోకి లాక్కుని కూతురితో అన్నాడు. "ఈపాలికి ఒగ్గీవే."

నూకరత్నం నా వైపు చూసిన చూపు మరిచిపోలేను. "మీకు ఉద్యోగం ఉన్నాది మేడం, మీరు సెప్తారు," అంది. ఆ తర్వాత చాలా కాలం నాతో మాట్లాడలేదు. రోడ్డు మీద కనిపిస్తే అటు తిరిగి వెళ్లిపోయేది. సెలక్షన్లు అయిపోయాయి. మన రాష్ట్రంలో ఇంకో నోటిఫికేషను ఎప్పుడు పడుతుందో దేవుడికి కూడా తెలియదు. ఆ పిల్ల బతుకు నేనే పాడుచేశానేమో అని సింహాచలం వెళ్లిన ప్రతిసారీ అప్పన్న స్వామి ముందు గింజుకునేదాన్ని. అయినా మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను.

మళ్లీ పరుగు

నోటిఫికేషను పడేసరికి నేను రిటైరైపోయాను. నూకరత్నానికి వయసు రీత్యా అదే ఆఖరి అవకాశం. ఒక పొద్దున మా ఇంటి గేటు దగ్గర నిలబడి, "నేర్పుతారా మేడం," అంది. పాత మాటలేవీ ఇద్దరం ఎత్తలేదు. హార్బరులో గంపల పని గౌరమ్మ పంచుకుంది. పిల్ల తెల్లవారుతుండగా నా దగ్గరికొచ్చేది.

వదులు కాటన్ చొక్కా. పరుగుకి ముందూ తర్వాతా నీళ్లు, ఇంటికెళ్లాక ఉప్పేసిన మజ్జిగ. చల్లపొద్దున మొదలుపెట్టి, వారాలు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పొద్దెక్కేదాకా తెచ్చాను. ఒంట్లో బాగోలేని రోజు, నిద్ర లేని రోజు పరుగు లేదు. వేగం నేను నేర్పక్కర్లేదు, అది ఆ పిల్ల పుట్టుకలోనే ఉంది. ఎంత టైము చేతిలో ఉందో గడియారం చూడకుండా తెలుసుకోవడం నేర్పాను. దాని మీదే ఎక్కువ కష్టపడ్డాం.

సెలక్షను రోజున పరుగు పొద్దున్నే అన్నారు. ఏదో మిషను మొరాయించి, వేలిముద్రలు పడక, ఆడపిల్లల్ని లైన్లో నిలబెట్టేసరికి ఎండ చురచురమంటోంది. కంచె బయట తల్లులతో పాటు నేనూ గౌరమ్మా గొడుగు కింద నిలబడ్డాం.

నూకరత్నం మొదటి నుంచీ ముందుంది. వెనక పిల్లలకీ తనకీ మధ్య దూరం పెరుగుతుంటే గౌరమ్మ కంచె పట్టుకుని గెంతులేసింది. ఆఖరి రౌండు మొదలైంది. అంతలో పిల్ల నెమ్మదించింది.

ఒకమ్మాయి దాటిపోయింది. ఇంకొకమ్మాయి. తర్వాత గుంపు గుంపే దాటిపోయింది. నూకరత్నం దాదాపు నడుస్తోంది.

గౌరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏటది మేడం, ఆగిపోతంది! పరిగెట్టమని అరవండి!"

నోరు తెరిచాను. నా వృత్తి అంతా ఆ ఒక్క కేకే కదా. కానీ ఆ పిల్ల తల తిప్పలేదు, తూలలేదు, తిన్నగా వస్తోంది. ఏం చేస్తోందో దానికి తెలుసు. నోరు మూసుకున్నాను. చివరి గుంపులో, మెల్లగా, గీత దాటింది.

దాటగానే కుళాయి దగ్గరికెళ్లి తల తడుపుకుంది. నీడలో కూర్చుని నీళ్లు తాగింది. ఆ తర్వాతే లేచి మా కోసం వెతికింది. ఈలోగా మైకులో పాసైన వాళ్ల నంబర్లు చదివారు. ఆ పిల్ల నంబరు ఉంది.

కంచె దగ్గరికొచ్చింది. "ఎందుకు తగ్గావే?" అన్నాను.

"తల దిమ్మెక్కిపోనాది మేడం. మైకులో ఏదో సెప్తన్నారు, మాట తెలీనేదు. ఇంకా టైమున్నాదని నాకు తెలుసు. తగ్గీసినాను."

"తగ్గకపోతే ఫస్టొచ్చేదానివి."

"ఫస్టొచ్చి ఏటి సేత్తాను మేడం? ఉద్యోగం కావాల. ఆ ఉద్యోగం సెయ్యడానికి నాను కూడా ఉండాల గదా."

ఎందరో పిల్లలు గెలవడం చూశాను. ఆ రోజు చివరి గుంపులో నడిచినట్టుగా వచ్చిన ఆ పరుగు ముందు అవేవీ నిలవవు. గౌరమ్మ కంచె మీద పడి ఏడ్చేస్తోంది. నేనూ ఏడ్చాను, అందరూ చూస్తుండగానే.